అన్నము, అండ



పగటి ఎండ తగ్గి, పని ముగించుకొని, గదికి చేరి, పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగా ఈ మాటలు వినుచున్న సోదరులు మీలో ఎందరో ఉందురు. కొందరు జెద్దాలో ఉన్నారు, కొందరు రియాదులో, కొందరు దమ్మాములో, జుబైలులో. జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, రాయచోటిలోనో, కోనసీమలోనో ఇంటి అరుగుమీద కూర్చుండి, సముద్రమునకు ఆవలనున్న తమ మనిషిని తలచుకొనుచు వినుచున్న తల్లులు, ఇల్లాండ్రు మరికొందరు. ఈ ప్రసంగము మీ అందరి కొరకు.

ఈ పూట మనము ఆలోచింపదలచిన ప్రశ్న ఒక్కటే. ఊరు కాని ఊరిలో, మనది కాని భాష నడుమ, రక్తబంధువు ఒక్కడును లేని చోట ఒక మనిషికి కష్టము వచ్చినప్పుడు, అతనికి మనము ఏమి ఋణపడి ఉన్నాము? మరల చెప్పెదను. మన చుట్టము కానివానికి, మన కులమువాడు కానివానికి, మన మతమువాడు కానివానికి మనము ఏమి ఋణపడి ఉన్నాము?

సొంతవారికి మేలు చేయుటకు నీతిశాస్త్రము అక్కరలేదు. బిడ్డను సాకుమని తల్లికి ఎవరును బోధింపరు. అన్నకు అప్పు పడినచో తమ్ముడు తల అడ్డము వేయుట లోకములో ఉన్నదే. మనపైన ఏ హక్కును లేనివాడు, మనకు తిరిగి ఏమియు ఈయజాలనివాడు, మన గుమ్మమునకు వచ్చి నిలిచిననాడే మన నీతి ఏపాటిదో తేలును. ఆనాడు చేయవలసినవి రెండు పనులు కలవు. ఒకటి అన్నము పెట్టుట. రెండవది అండగా నిలుచుట. ఆకలిగొన్నవానికి అన్నము. అన్యాయము పాలైనవానికి అండ. మొదటిది చేసి రెండవది మరచినచో మన మేలు సగమే. ఈ సంగతినే ఈ కొద్ది నిమిషములలో మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాను.

ఈ రెండు పనులకును మహోదాహరణములు ఈ అరబ్బు నేలమీదనే కలవు. అన్నమునకు పేరొందినవాడు హాతిము తాయి. మన తెలుగు పిల్లలు కూడ కథల పుస్తకములలో ఎరిగినవాడే. అతడు ఇప్పటి సౌదీ అరేబియా ఉత్తర భాగమునందలి హాయిల్ ప్రాంతమున నివసించిన తాయ్ తెగవాడు, కవి, ఆరవ శతాబ్దమువాడు. ఇంటికి వచ్చిన అతిథికి పెట్టుటకు ఏమియు లేక, తనకు ప్రాణప్రదమైన గుర్రమునే కోసి పెట్టెనని అతని గురించి చెప్పుకొందురు. ఆ కథ ఎంతవరకు నిజమో మనకు ముఖ్యము కాదు. ఎడారిలో నీరు లేక, నీడ లేక, దారి తప్పి వచ్చినవానికి పెట్టని ఇల్లు ఇల్లే కాదని ఒక జాతి జాతియే నమ్మి, ఆ నమ్మకమునకు ఒక మనిషి పేరు పెట్టుకొని పదునాలుగు శతాబ్దములు దాటి కాపాడుకొన్నదే, అది మనకు ముఖ్యము.

రెండవ ఉదాహరణము మనవారిలో చాలమంది విని ఉండరు. అందుచేత దానిని కొంచెము నిదానముగా చెప్పెదను.

ఆరవ శతాబ్దపు చివరి భాగము. మక్కా అప్పటికే గొప్ప వర్తకనగరము. యెమెను దేశములోని జబీదు నుండి ఒక వర్తకుడు సరకు తీసికొని ఆ నగరమునకు వచ్చెను. నగరపు పెద్దలలో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆ సరకు కొనెను. సరకు పుచ్చుకొనెను, సొమ్ము మాత్రము ఈయలేదు. ఆ కాలమున మనిషికి రక్షణ అతని తెగయే. తెగ ఉన్నవానికి అన్యాయము జరిగినచో వాని తెగ కత్తి పట్టును. ఈ వర్తకునికి ఆ ఊరిలో తెగ లేదు. పెద్దలను ఆశ్రయించినాడు. ఆస్ వంటివానితో వైరము ఎందుకని వారు మొగము చాటువేసినారు. అప్పుడతడు అబూ ఖుబైస్ అను కొండ ఎక్కి, కాబా చుట్టు జనము కూడియుండు వేళ చూచి, తనకు జరిగిన మోసమును ఊరంతయు వినునట్లు ఎలుగెత్తి చెప్పుకొన్నాడు.

ఆ కేక కొందరి మనస్సులకు తగిలినది. వారు అబ్దుల్లా బిన్ జుదాన్ అను పెద్దమనిషి ఇంట సమావేశమై ఒక ప్రమాణము చేసికొన్నారు. మక్కాలో అన్యాయమునకు గురియైనవాడు ఈ ఊరివాడైనను సరే, పరదేశియైనను సరే, అతనికి రావలసినది అతనికి చేరువరకు తామందరు ఏకమై అతని పక్షమున నిలుతుమని ఆ ప్రమాణము. అంతటితో ఊరకుండలేదు. లేచి ఆస్ ఇంటికి వెళ్లినారు. వర్తకుని సొత్తు వర్తకునికి ఇప్పించినారు. చరిత్రలో దానికి హిల్ఫుల్ ఫుదూల్ అని పేరు. అప్పటికి యువకుడైన ముహమ్మద్ ఆ సమావేశమునందు ఉండెననియు, ప్రవక్తయైన తరువాత కూడ ఆ ప్రమాణమును గౌరవముతో స్మరించి, అటువంటి పిలుపు తనకు మరల వచ్చినను పలుకుదునని చెప్పెననియు ఇస్లామీయ చరిత్రకారులు వ్రాసినారు.

ఇందులో మనము గమనింపవలసినవి రెండు సంగతులు కలవు. ఆ ప్రమాణము జరిగిన నాటికి ఇస్లాము బోధ ఇంకను మొదలు కాలేదు. అక్కడ చేరినవారు వేరువేరు కుటుంబములవారు. వారిని కలిపినది ఒక్కటే, కండ్లయెదుట జరిగిన అన్యాయము. ఆ తరువాత వచ్చిన ధర్మము కూడ దానిని కాదనలేదు, మెచ్చుకొన్నది. మంచి అనునది ఏ ఒక్కరి సొత్తును కాదనుటకు ఇంతకన్న సాక్ష్యము ఏమి కావలెను? ఇది మొదటి సంగతి. రెండవది: ఆ వర్తకుడు ఆకలితో రాలేదు. అతనికి జాలి అక్కరలేదు. అతనికి రావలసిన సొమ్ము కావలెను. ఆ సొమ్ము అడుగుటకు తన ప్రక్కన నిలుచు మనుష్యులు కావలెను. అతనికి కావలసినది అన్నము కాదు, అండ.

శ్రోతలారా, ఇప్పుడు అదే నేలమీద, ఇటీవలి కాలమునకు వత్తము.

2014 మధ్యనుండి ముడిచమురు ధర పడిపోసాగినది. పీపాకు నూరు డాలర్లకు పైబడి పలికిన ధర 2016 జనవరి నాటికి ముప్పది డాలర్లకు దిగువకు జారినది. చమురు ఆదాయము తగ్గుటతో పెద్దపెద్ద నిర్మాణములకు చెల్లింపులు ఆగినవి. సౌదీ ఓజర్ వంటి మహాసంస్థలలో వేలకొలది కార్మికులకు నెలల తరబడి జీతములు అందలేదు. వారిలో భారతీయులు వేలమంది. తెలుగువారును కలరు. 2016 జూలై నెలాఖరు నాటికి జెద్దా ప్రాంతపు క్యాంపులలో మెస్సులు మూతపడి, జీతము లేనివానికి తిండియు లేకపోయినది.

ఆ స్థితిని ఒక్కసారి మనస్సులో నిలుపుకొనుడు. సంస్థ ఇకామా, అనగా నివాసపు అనుమతిపత్రము, పొడిగింపలేదు; ఇకామా లేనివానికి వేరొకచోట పని దొరకదు, ఆసుపత్రికి పోవలెనన్నను భయమే. ఇంటికి పోదమన్నను, సంస్థ కాగితము లేనిదే ఎగ్జిట్, అనగా దేశము విడుచుటకు అనుమతి, దొరకదు. దొరికినను, నెలల జీతము ఇక్కడ వదలుకొని, ఏజెంటుకు కట్టుటకై చేసిన అప్పు అక్కడ వడ్డీతో ఎదురుచూచుచుండగా, వట్టిచేతులతో ఏ మొగము పెట్టుకొని ఊరికి పోవును? ఉండుటకు వీలులేదు, పోవుటకు వీలులేదు. యెమెను వర్తకుని కష్టము ఇదే కదా! చేసిన పని పుచ్చుకొన్నారు. సొమ్ము చేతికి రాలేదు. ఊరిలో తనకు తెగ లేదు.

జూలై 30వ తేదీన అప్పటి విదేశాంగమంత్రి సుష్మా స్వరాజ్, సౌదీలో నివసించు ముప్పది లక్షల భారతీయులకు ఒక విజ్ఞప్తి చేసినారు. మీ సోదరులను మీరు ఆదుకొనుడని ఆ విజ్ఞప్తి. జెద్దాలోని భారత కాన్సులేటు, అక్కడి భారతీయులు కలిసి 15 వేల కిలోలకు పైబడిన ఆహారపదార్థములను ఆ క్యాంపులకు చేర్చినారు. తెచ్చినవారిలో డ్రైవర్లు కలరు, గుమాస్తాలు కలరు, బఖాలా అను చిల్లర దుకాణములు నడుపుకొనువారు కలరు. తమ జీతమే రేపు వచ్చునో రాదో తెలియని దినములలో తెచ్చినారు. ఇచ్చినవాడు మలయాళీయా, తినువాడు తెలుగువాడా, బీహారీయా, హిందువా, ముసల్మానా అని ఆ బియ్యపు బస్తామీద వ్రాసి లేదు.

అన్నము వచ్చినది. అండ కూడ కొంత వచ్చినది. విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ జెద్దాకు వెళ్లినారు. చిక్కుకొన్న కార్మికుల కొరకు సల్మాన్ రాజు పదికోట్ల రియాళ్లు కేటాయించినారు. ఇకామా లేనివారికి ఎగ్జిట్ ఇచ్చుటకును, కోరినవారు వేరొక సంస్థకు మారుటకును దారి ఏర్పడినది. వేలమంది ఇంటికి చేరినారు. కాని రావలసిన జీతములో? వాటి కొరకు అనేకులు సంవత్సరముల తరబడి ఎదురుచూచినారు. అన్నము పెట్టుటకు దినములు చాలును, న్యాయము దొరకుటకు ఏండ్లు పట్టును. అందుచేతనే అన్నము పెట్టినవారికన్న అండగా నిలిచినవారికి ఓర్పు ఎక్కువ కావలెను. అరబ్బీ తెలిసి కార్మికుని ఫిర్యాదు వ్రాసి పెట్టినవాడు, వకాల్తానామా మీద సంతకము చేయించి దాచినవాడు, వెళ్లిపోయినవాని తరఫున లేబరు కార్యాలయపు మెట్లు ఎక్కినవాడు, వీరి ఛాయాచిత్రములు పత్రికలలో రావు. వారి పని లేనిచో మాత్రము మన జాలి అంతయు ఆ మెస్సు గుమ్మము దగ్గరనే ఆగిపోవును.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. ఈ మేలు మనిషి ఎందుకు చేయవలెను? స్వర్గము కొరకా? నరకభయము చేతనా? లోకులు మెచ్చుదురనియా?

ఈ ప్రశ్నకు మన తెలుగుదేశములోనే రెండు విధములుగా జీవించి చూపినవారు కలరు. కోనసీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు ఉండెడివారు. 1841లో పుట్టి 1909లో పరమపదించిన ఆమె పరమభక్తురాలు. వేళ కాని వేళ గోదావరి పాయ దాటి వచ్చిన బాటసారికి పొయ్యి రాజేసి వండి పెట్టెడివారు. వచ్చినవాని కులము అడుగుట ఆమె ఇంట లేదు. అదే కోనసీమ నుండి ఈనాడు ఎందరో ఆడపడుచులు ఇతరుల ఇండ్లలో వండి పెట్టుటకు ఈ గల్ఫు దేశములకు వచ్చుచున్నారు. సీతమ్మగారి ఊరి బిడ్డలకు ఇక్కడ వేళకు ఇంత అన్నము దొరకుచున్నదా అని అడుగవలసిన బాధ్యత మనదే.

ఇక రెండవ విధము. 1902లో పుట్టిన గోపరాజు రామచంద్రరావుగారు, గోరాగా ప్రసిద్ధులు, దేవుని నమ్మనివారు. ఆ మాట బహిరంగముగా చెప్పినందుకు కళాశాలలలో ఉద్యోగములు పోగొట్టుకొన్నవారు. 1940లో కృష్ణాజిల్లా ముదునూరిలో నాస్తిక కేంద్రమును స్థాపించి, అంటరానితనమును పోగొట్టుటకై ఊరి జనమును సహపంక్తి భోజనములకు కూర్చుండబెట్టినారు. గాంధీమహాత్మునితో ఆయన జరిపిన సంభాషణలు పుస్తకముగా వెలువడినవి. విశ్వాసములో ఒకరు తూర్పు, ఒకరు పడమర. హరిజనుని ప్రక్కన కూర్చుండి భోజనము చేయుటలో మాత్రము ఇరువురిది ఒకే పంక్తి. తరువాత 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఆ నాస్తిక కేంద్రమువారు సహాయమునకై ఆ గ్రామములకు నడిచినారు.

మన కాలమున ఈ భావమునకు తాత్త్విక రూపము నిచ్చినవారిలో మానవేంద్రనాథ రాయ్ ఒకరు. దేశదేశములు తిరిగి, విప్లవములు చూచి, కడపట 1947లో ఆయన నవ్యమానవవాదమును ప్రకటించినారు. మన ఆవుల గోపాలకృష్ణమూర్తిగారు, త్రిపురనేని గోపీచందుగారు ఆ దారిని అనుసరించినవారే. రాయ్ చెప్పిన సారమిది: మనిషికి ఆలోచించు శక్తి ఉన్నది, ఆలోచించువాడు తనవలెనే ఎదుటివానికిని నొప్పి కలుగునని గ్రహించును, అందుండియే నీతి పుట్టును. పైనుండి ఎవరో శాసింపనక్కరలేదు.

రాయ్ గారు, గోరాగారు మతమును విడిచినవారు. దానిని దాచనక్కరలేదు. సీతమ్మగారు మతమునందే జీవించినవారు. దానిని తగ్గింపనక్కరలేదు. మీలో ఎవరి విశ్వాసము వారికి ప్రాణసమానమని నేనెరుగుదును. దానిని విడువుడని మానవతావాదము పేరిట నేను మిమ్మడుగుట లేదు. నేనడుగునది వేరు. మేలు చేయువేళ ఎదుటివాని విశ్వాసము అడుగకుడు. మీ మేలునకు కారణము భక్తియైనను సరే, వివేకమైనను సరే, అది చేరవలసిన చోటు ఒక్కటే, కష్టములోనున్న మనిషి. ఈ సౌదీ దేశములోనే రంజాను నెలలో ఊరూర ఇఫ్తారు గుడారములు వేయుదురు కదా! సాయంకాలము పని దిగి వచ్చిన కూలి ఆ గుడారములో కూర్చుండినచో, ఖర్జూరము, అన్నము, మజ్జిగ ముందు పెట్టుదురే గాని, నీవు ఉపవాసమున్నావా, ఏ మతమువాడవు అని అడుగువారు అరుదు. ఉపవాసమున్నవాని భక్తియు, తిన్నవాని ఆకలియు అక్కడ ఒకే విస్తరి దగ్గర కలియుచున్నవి.

శ్రోతలారా, ఇప్పుడు అండ అను మాటను మరికొంత దగ్గరగా చూతము. అన్నము పెట్టినచో తినువాని మొగము చూచి మనకు సంతోషము కలుగును. అండగా నిలుచుటలో తరచు ఆ సంతోషము కూడ ఉండదు.

ఒక కార్మికుడు ఇక్కడ మరణించినాడనుకొనుడు. గుండెపోటు కావచ్చును, రోడ్డుప్రమాదము కావచ్చును, ఎవరికిని చెప్పుకొనలేని దిగులుతో తనకు తానే తెచ్చుకొన్న చావు కావచ్చును. నిజామాబాదు జిల్లాలోని ఒక ఇంట శవము కొరకు ఎదురుచూచుచున్నారు. ఆ శవము కదలవలెనన్నచో ఆసుపత్రి ధ్రువపత్రము కావలెను. పోలీసుల కాగితము కావలెను. ఇంటివారి అంగీకారపత్రము కావలెను. యజమాని లెక్క తేల్చవలెను. భారత ఎంబసీవారు అభ్యంతరము లేదని వ్రాసి ఈయవలెను. దేహము చెడకుండ మందులు పెట్టింపవలెను. విమానములో చోటు దొరకవలెను. ఒక్క కాగితము తక్కువైనచో వారములు గడచును, నెలలును గడచును. ఈ కాగితములన్నిటి వెనుక ఎవడో ఒకడు తిరుగవలెను. తన పనికి సెలవు పెట్టుకొని, తన కారులో తన పెట్రోలు పోసికొని, తానెన్నడును చూడని మనిషి కొరకు శవాగారపు గుమ్మమున నిలువవలెను. ఇటువంటి సేవలో మలయాళీల సంఘమైన కె.ఎం.సి.సి. పేరుగన్నది. మన తెలుగువారిలోను ఈ పనిని నిశ్శబ్దముగా చేయువారు ప్రతి పట్టణమునందును కలరు. చచ్చినవాడు కృతజ్ఞత చెప్పడు. అతని ఇంటివారికి ఈ మనిషి పేరు కూడ తెలియకపోవచ్చును. అయినను చేయుచున్నారు. ప్రతిఫలము ఆశింపని కర్మమని మనము గ్రంథములలో చదివినది ఇదే.

కరోనా కాలమున ఈ గుణము మరల కనబడినది. 2020 మార్చిలో కర్ఫ్యూ వచ్చి, విమానములు ఆగి, ఒక యజమాని పేర వచ్చి బయట దినకూలి చేసికొను ఆజాద్ వీసావారికి పని పోయినది. ఒకే గదిలో ఎనిమిదిమంది పడుకొను చోట ఎడము పాటించుట ఎట్లు? ఆ మార్చి నెలాఖరున సల్మాన్ రాజు ఇచ్చిన ఆజ్ఞ గొప్పది. ఈ దేశములోనున్న ప్రతి కరోనా రోగికిని, ఇకామా లేనివానికి సైతము, ఉచితముగా వైద్యము చేయవలెనని ఆ ఆజ్ఞ. కాగితము లేనివాడు కూడ మనిషియేనని ఒక రాజ్యము చెప్పిన క్షణమది. మే నెలలో భారతీయులను ఇంటికి చేర్చు వందే భారత్ విమానములు మొదలగువరకు, బియ్యము అయిపోయిన గదులకు బియ్యము, మందులు అయిపోయిన వృద్ధులకు మందులు చేర్చినది ఇరుగుపొరుగు గదులవారే.

ఇంతవరకు మంచి చెప్పితిని. ఇక లోటు కూడ చెప్పవలెను.

లోటు ఏమనగా, మన మేలు కష్టము వచ్చిన తరువాత మేలుకొనును. వార్త వచ్చును, మనస్సు కరగును, బస్తాలు కదలును. వార్త చల్లారును, మనము మరతుము. దయ ఒక ఆవేశముగా ఉన్నంతకాలము అది అందరికిని చేరదు. కెమెరా చేరిన క్యాంపునకు చేరును. ఎడారిలో ఒంటరిగా గొర్రెలు కాయువానికి చేరదు. నాలుగు గోడల నడుమ ఖద్దామాగా, అనగా ఇంటి పనిమనిషిగా, పనిచేయు ఆడమనిషికి చేరదు. 2021 మార్చి 14 నుండి సౌదీ ప్రభుత్వము కార్మిక విధానమును సంస్కరించి, ప్రైవేటు సంస్థలలోని కార్మికుడు కొన్ని షరతులకు లోబడి యజమాని అనుమతి లేకయే వేరొక పనికి మారుటకును, ఎగ్జిట్ పొందుటకును వీలు కల్పించినది. అది పెద్ద అడుగు. కాని ఇంటిపనివారు, తోటపనివారు, పశువుల కాపరులు ఆనాడు ఆ సంస్కరణ పరిధిలోనికి రాలేదు. ఎవరు అందరికన్న ఒంటరివారో, వారే వెలుపల మిగిలినారు. ఒంటరివానిపై యజమాని హురూబ్ పెట్టినచో, అనగా పారిపోయినాడని వ్రాసి ఇచ్చినచో, నిన్నటి పనివాడు చట్టవిరుద్ధుడగు ప్రమాదము కలదు. అతని ప్రక్కన నిలిచి, ఇతడు పారిపోలేదు, జీతము అడిగినాడని చెప్పుటకు ఒక సాక్షి కావలెను. అండ అనగా అదే. మరల చెప్పుచున్నాను: ఆకలికి అన్నము, అన్యాయమునకు అండ.

అటులైన ఏమి చేయవలెను? మక్కావారు చేసినట్లు, ఉద్రేకము చల్లారకముందే మాట ఇచ్చుకొనవలెను. దయను ఒక ఏర్పాటుగా మార్చుకొనవలెను. అటువంటి ఏర్పాటు ఒకటి మనకు ఇప్పటికే ఉన్నది. 2009లో భారత ప్రభుత్వము విదేశములలోని భారతీయుల సంక్షేమనిధిని ఏర్పరచినది. ఎంబసీలో మీరు పాస్‌పోర్టు పనికి కట్టు రుసుముతో పాటు చెల్లించు కొద్ది సొమ్మే ఆ నిధి. చిక్కుకొన్నవానికి బస, టికెట్టు, న్యాయసహాయము, దిక్కులేని శవమును ఇంటికి పంపుట, ఇవన్నియు అందులోనుండి జరుగవచ్చును. అనగా, మీరెరుగకయే ముఖమెరుగని ఒక సోదరునికి మీరు ఇప్పటికే సాయపడుచున్నారు. దానిని అడిగి పొందుట భిక్ష కాదు. ఆ సంగతి తెలియనివానికి తెలియజేయుట మన పని.

ఒక హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. ఈ దేశమున అనుమతి లేక విరాళములు సేకరించుట చట్టవిరుద్ధము. మంచిమనస్సుతో చేసినను చిక్కు చిక్కే. అందుచేత ఎంబసీకి, కాన్సులేటుకు, గుర్తింపు పొందిన సంస్థలకు చెప్పి, వారితో కలిసియే చేయుడు. వివేకము లేని దయ తానును మునిగి, పట్టుకొన్నవానిని కూడ ముంచును.

"వెయ్యి రియాళ్ల జీతగాణ్ణి, నేనేం చేయగలను?" అని మీలో ఒకరు అనుకొనుచుండవచ్చును. అండ నిలుచుటకు డబ్బు అంతగా అక్కరలేదు. ఏడుచువాని ప్రక్కన కూర్చుండుట ఖర్చులేని పని. పనిఒప్పందము నకలును, పాస్‌పోర్టు నకలును ఇంటికి పంపి దాచుకొమ్మని క్రొత్తగా వచ్చిన కుర్రవానికి చెప్పుట ఖర్చులేని పని. జూన్ నడుమ నుండి సెప్టెంబరు నడుమ వరకు మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు వరకు ఎండలో పని చేయింపరాదని ఇక్కడి నియమము. ఆ సంగతి తెలియనివానికి చెప్పుటకు పైసా ఖర్చు లేదు.

ఊరిలో వినుచున్నవారికి కూడ ఒక మాట. కష్టము తరచు ఇక్కడ కాదు, అక్కడనే మొదలగును. మీ ఊరి కుర్రవాడు ఏజెంటు మాట విని బయలుదేరుచున్నప్పుడు, ఆ ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా అని అడుగుడు. విజిటు వీసాపై పనికి పోవద్దని చెప్పుడు. ప్రవాసీ భారతీయ బీమా చేయించుకొన్నాడా అని చూడుడు. రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియముతో పదిలక్షల బీమా అది. ఒక పూట ప్రయాణపు ఖర్చు కూడ కాదు. ముప్పది ఏండ్లు నిండని ఆడపిల్లను ఇంటిపనికి గల్ఫు పంపుట మన ప్రభుత్వ నియమము ఒప్పదని గుర్తుచేయుడు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణములో ఒక మాట ఉన్నది. మూడు తరముల వలసను ఆ మూడు పేర్లలో చెప్పుకొన్న జనము మనము. ఇన్ని తరములు పోయినవారము, పోవువానికి ముందే నాలుగు మంచిమాటలు చెప్పి పంపలేమా?

శ్రోతలారా, కాలము ముగియుచున్నది. చెప్పినదానిని కూడి చెప్పెదను. నీతి అనునది మనకు సంబంధము లేనివాని విషయములోనే పరీక్షకు నిలుచును. ఆ మేలునకు కారణము భక్తి కావచ్చును, వివేకము కావచ్చును, అడుగనక్కరలేదు. ఆకలికి అన్నము పెట్టవలెను. అన్యాయమునకు అండ నిలువవలెను. ఆ అండ కష్టము రాకముందే ఇచ్చుకొన్న మాటగా ఉండవలెను.

కనుక వచ్చు శుక్రవారము, సెలవునాడు, గదిలోనివారందరు కలిసి ఒక అరగంట కూర్చుండుడు. మనలో అరబ్బీ ఎవరికి వచ్చును? ఎంబసీ నంబరు ఎవరి దగ్గర ఉన్నది? ఎవరికేమైనను అయినచో ఇంటికి ఫోను చేయువాడెవడు? ప్రతివాని ఊరు, ఇంటి నంబరు, ఒప్పందపు నకలు ఒకచోట వ్రాసి పెట్టుకొనుడు. ప్రక్కగదిలో క్రొత్తగా వచ్చినవాడు ఏ భాషవాడైనను, ఏ దేశమువాడైనను, అతని పేరు కూడ ఆ కాగితములో చేర్చుడు. మీరు చేయు ఆ చిన్న ప్రమాణమునకు సాక్షులు అక్కరలేదు. దానిని నిలుపుకొనుటయే చాలును.